అమ్మలూ, ఆ ల్యాప్‌టాప్ సంగతి

అమ్మలూ,

మొన్న ఆదివారం మీ అత్తయ్య చేసిన గుత్తొంకాయ కూర సగం కంచంలోనే వదిలేసి లేచినప్పుడే అనుకున్నాను, పిల్ల మనసు ఇక్కడ లేదని. చేయి కడుక్కుని బాల్కనీలోకి వచ్చి, "అమ్మకి చెప్పకు మావయ్యా" అంటూ మొదలుపెట్టావు. ముప్పై నాలుగు వేలు పెట్టి పాత ల్యాప్‌టాప్ కొన్నానన్నావు. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి, ఆ అబ్బాయితో చాటింగ్‌లోనే బేరమాడి, రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల కింద చేతికి తీసుకున్నావు. డబ్బు యూపీఐలో పంపావు. వారం రోజులు బాగానే పనిచేసింది. తర్వాత నీ పద్ధతిలో శుభ్రంగా పెట్టుకుందామని మొత్తం ఫార్మాట్ కొట్టి ఇంటర్నెట్‌కి కలిపావు. తెర మీద ఏదో కంపెనీ పేరు వచ్చి కూర్చుంది. ఇది మా సంస్థ పరికరం, మీ ఉద్యోగి ఐడీతో లాగిన్ అవ్వండి అని. ఇక ముందుకు కదల్లేదు.

నువ్వు సంచిలోంచి తీసి నా ఒళ్లో పెట్టినప్పుడు దాన్ని తిరగేసి చూశాను, గుర్తుందా? అడుగున, మరల పక్కన, అగ్గిపెట్టంత మేర నలుచదరంగా ఒక మరక ఉంది. స్టిక్కర్ గీకేసిన చోటు. వేలు పెడితే ఇంకా జిగురు అంటుకుంటోంది. ఒక మూల చిన్న ముక్క మిగిలిపోయింది, దాని మీద నాలుగు బార్‌కోడ్ గీతలు. కంపెనీలు తమ సామాను లెక్క కోసం అంటించుకునే నంబరు చీటీ అది. ఆ మరకని ఎక్కడా తుడవకు తల్లీ. అదెందుకో తర్వాత చెప్తాను.

ముందు నీ మొహం గురించి మాట్లాడాలి. ఊరంతా నన్ను చూసి నవ్వుతోంది అన్నట్టు కూర్చున్నావు. "రోజంతా ఎదుటివాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం నాది, నేనే మోసపోయాను" అన్నావు. ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో బెంచి క్లర్కుగా కూర్చుని చూసినవాణ్ని, ఒక మాట నమ్ము. పోయిన డబ్బు తిరిగి రాకపోవడానికి చట్టం చేతకానితనం కొంత కారణమైతే, మనిషి సిగ్గు అంతకంటే పెద్ద కారణం. చదువుకున్నవాళ్లలో ఈ సిగ్గు మరీ ఎక్కువ. పది రోజులు ఎవరికీ చెప్పరు. ఈలోగా అమ్మినవాడు ప్రకటన తీసేస్తాడు, నంబర్ మార్చేస్తాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ముక్కూమొహం తెలియనివాడు పెడతాడా?

పాత వస్తువు కొనడంలో తప్పేమీ లేదు. ఈ ఊళ్లో ఎవరు కొనలేదు కనుక? ఎర్రగడ్డ ఆదివారం సంత, బేగంబజార్ దగ్గర జుమేరాత్ బజార్, అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్లు. వీటితోనే ఎన్నో సంసారాలు నిలదొక్కుకున్నాయి. నేను 1988లో ఇక్కడికి వచ్చినప్పుడు కొత్త బజాజ్ స్కూటర్‌కి డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన రోజులు. అందుకని మూసాపేటలో ఒకాయన దగ్గర పాతది కొన్నాను. పదో రోజున బాలానగర్ చౌరస్తాలో ఆగిపోయింది. మెకానిక్ విప్పి చూస్తే ఇంజన్ కేసింగ్‌కి పగులు, దాన్ని ఎం-సీల్ పెట్టి పూడ్చి పైన రంగు వేశారు. నేనేం చేశానంటావు? మా ఇంటి ఓనరుగారిని వెంటబెట్టుకుని ఆ అమ్మినాయన ఇంటికెళ్లాను. రెండు వీధుల అవతలే. అరుగు మీద కూర్చుని, గొంతు పెంచకుండా, పూడ్చిన చోటు ఇదీ అని చూపించాం. పక్కింటివాళ్లు తొంగిచూడటం మొదలెట్టారు. మూడు వాయిదాల్లో ఇస్తానన్నాడు, ఇచ్చాడు. పోలీసుకి భయపడి ఇవ్వలేదు ఆయన. రేపు ఆ వీధిలోనే పాలప్యాకెట్ తెచ్చుకోవాలి కదా, అందుకని ఇచ్చాడు.

నీకు అమ్మినవాడికి ఆ వీధి లేదు. తేడా అంతా అక్కడే ఉంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఎలా పెరిగాయో కళ్లారా చూశాను. పీజీ హాస్టళ్లలో ఆర్నెల్లు ఉంటారు, ప్రాజెక్ట్ అయిపోగానే బెంగుళూరో పుణెయో వెళ్లిపోతారు. వెళ్లేవాడు మంచం, ఫ్రిజ్, మానిటర్, చక్రాల కుర్చీ అమ్ముకుంటాడు. వచ్చేవాడు కొనుక్కుంటాడు. ఇద్దరూ ఒకరికొకరు ఒక ప్రొఫైల్ ఫొటో, ఒక యూపీఐ పేరు, అంతే. మా రోజుల్లో వీధి చేసిన పని ఇప్పుడు కాగితం చేయాలి. నీ చేత చేయించాలనుకుంటున్నదీ అదే.

మొదట ఒక సంగతి తేల్చుకో. ఎవరి దగ్గర కొన్నావు? ఎక్కడ అని కాదు, ఎవరి దగ్గర. దారి దాన్నిబట్టే మారుతుంది.

పాతవి బాగుచేసి అమ్మడమే వ్యాపారంగా పెట్టుకున్న దుకాణం అయితే నీ చేయి గట్టిదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులో అనుచిత వ్యాపారమే. లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని, బిల్లులో చెప్పిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు డబ్బు ఇవ్వనంటే అదీ అంతే. పాతదాన్ని కొత్తదని అంటగట్టినా అంతే. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని గోడకి బోర్డు తగిలించినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో వాళ్లు తప్పించుకోలేరు. ఆన్‌లైన్ వేదిక ద్వారా కొంటే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ వేదికకి ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే 1915కి ఫోన్ చెయ్యి, జాతీయ వినియోగదారుల సహాయవాణి అది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అదీ పారకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు. అయిదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, వకీలు లేకపోయినా నీ మాట నువ్వే చెప్పుకోవచ్చు. అమ్మినవాడు ఏ ఊరివాడైనా సరే, నువ్వు ఉంటున్న చోటో ఉద్యోగం చేస్తున్న చోటో వేసుకోవచ్చన్నది ఈ కొత్త చట్టం చేసిన పెద్ద మేలు. గడువు రెండేళ్లు.

కానీ నువ్వు కొన్నది ఒక మామూలు అబ్బాయి దగ్గర. తన వస్తువు ఒకటి అమ్ముకున్న మనిషి వ్యాపారి కాడు. అతని మీద వినియోగదారుల కమిషన్‌కి వెళితే, మా పరిధి కాదనే అవకాశం ఎక్కువ. ప్రకటన పెట్టుకోనిచ్చిన వేదిక కూడా, మేం ఇద్దర్నీ కలిపామంతే అంటుంది. ఇక్కడే చాలామంది కుర్రాళ్లు, సరేలే, ఇక చేసేదేం లేదు అని వదిలేస్తారు. అది తప్పు. వినియోగదారుల చట్టం కంటే ముందునుంచీ ఉన్న చట్టాలు రెండున్నాయి, నేను ఉద్యోగమంతా వాటి మధ్యనే తిరిగాను.

ఒకటి 1930 నాటి సరుకుల విక్రయ చట్టం. నాణ్యత విషయంలో అది కొనేవాడినే చూసుకోమంటుంది. బ్యాటరీ గంటకే దిగిపోతోంది, కీబోర్డులో ఒక మీట నొక్కుకోవడం లేదు వంటివి వ్యాపారి కాని మనిషి దగ్గర కొన్నాక గట్టిగా వాదించడం కష్టం. కానీ అదే చట్టంలో 14వ సెక్షన్ ఉంది. అమ్మేవాడికి ఆ వస్తువు అమ్మే హక్కు ఉండి తీరాలి. ఎక్కడా రాసుకోకపోయినా ఆ షరతు ప్రతి అమ్మకంలోనూ ఉన్నట్టే. అమ్మినవాడు వ్యాపారా, హాస్టల్ కుర్రాడా అన్నదాంతో దానికి పనిలేదు. వేరే కంపెనీ సొత్తుని తనదని అమ్మితే నీ ముప్పై నాలుగు వేలు నీకు తిరిగివ్వాల్సిందే.

రెండోది 1872 నాటి ఒప్పందాల చట్టం. ఉన్న లోపం గురించి ఊరికే నోరు మూసుకుని కూర్చోవడాన్ని అది అన్నిసార్లూ మోసం అనదు. కానీ తెలిసిన సంగతిని పనిగట్టుకుని దాచిపెట్టడం మాత్రం మోసమే అంటుంది, 17వ సెక్షన్‌లో. ఇప్పుడు అర్థమైందా ఆ జిగురు మరకని తుడవొద్దని ఎందుకన్నానో? చీటీని గీకినవాడెవరో వాడికి అది దేనికి సంబంధించిందో తెలుసు. మంచి వెలుతురులో దగ్గరగా రెండు ఫొటోలు తియ్యి, పక్కన సీరియల్ నంబర్ కూడా పడేట్టు.

అయితే ఆ అబ్బాయిని ఇప్పుడే దొంగ అనకు. మూడు రకాలుగా జరిగి ఉండొచ్చు. కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి పాత ల్యాప్‌టాప్‌లు గంపగుత్తగా అమ్మేస్తాయి. అలా అమ్మేటప్పుడు తమ జాబితాలోంచి ఆ నంబర్ తొలగించడం ఒక్కోసారి మరిచిపోతారు. అదే అయితే, కంపెనీ ఐటీ విభాగానికి సీరియల్ నంబర్ పెట్టి ఒక మెయిల్ రాస్తే వాళ్లే విడుదల చేస్తారు, నీ వస్తువు నీకు దక్కుతుంది. లేదా ఉద్యోగం మానేసిన ఎవరో తిరిగి అప్పగించకుండా అమ్మేసి ఉండొచ్చు. లేదా అది దొంగసొత్తే కావచ్చు. ఏదైనా సరే, ఆ అబ్బాయి కూడా నీలాగే మోసపోయి, వదిలించుకోవడానికి నీకు అంటగట్టి ఉండొచ్చు. ఏదన్నది కాగితం తేలుస్తుంది. కోపం తేల్చదు.

నీ స్నేహితురాలు ఎవరో, రెండు వేలిస్తే లాక్ తీసేసే షాపుంది అందని చెప్పావు. ఆ పని మాత్రం చెయ్యకు బంగారూ. నా మాటగా విను. దొంగసొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి కారణం కనబడుతూ ఉండి గానీ అట్టిపెట్టుకుంటే భారతీయ న్యాయ సంహితలో అది నేరం. తెర మీద కంపెనీ పేరు చూశాక తెలియదు అనే మాటకి విలువుండదు. ఈ రోజున నువ్వు మోసపోయిన మనిషివి. లాక్ తీయించిన మర్నాడు ఆ మాట నువ్వు ధైర్యంగా అనలేవు. పైగా ఇలాంటి ఉద్యోగాల్లో పోలీసు గొడవ ఎంత చేటో నాకంటే నీకే తెలుసు.

ఇప్పుడు అతనికి ఏం రాయాలో చెప్తాను. ఫోన్ చెయ్యొద్దు, రాయి. తిట్టొద్దు, బెదిరించొద్దు, ఫొటో పెట్టి ఊరంతా చాటొద్దు. ఆ ఆవేశంలో రాసిన ఒక్క మాట రేపు నీ మీదకే తిరగబడుతుంది. ఇలా రాయి, నీ మాటల్లో మార్చుకో: "మీ దగ్గర ఫలానా తేదీన, రాయదుర్గం మెట్రో దగ్గర, ఫలానా సీరియల్ నంబర్ ల్యాప్‌టాప్ 34,000 రూపాయలకి కొన్నాను. అది ఒక సంస్థకు చెందినదని తెరపై వస్తోంది, ఫొటో జతచేశాను. మీరు కొన్న బిల్లు గానీ, సంస్థ అమ్మినట్టు కాగితం గానీ మూడు రోజుల్లో పంపండి. లేకపోతే నా డబ్బు నాకు తిరిగి ఇవ్వండి." అంతే. అందులో తేదీ, చోటు, సొమ్ము, వస్తువు, లోపం, అడుగుతున్నది, గడువు అన్నీ వచ్చాయి. నా ఉద్యోగంలో పదిపేజీల దావాలు చూశాను, గెలిచినవాటి బలమంతా చాలాసార్లు ఇలాంటి ఒక్క పేరాలోనే ఉండేది.

అది పంపేముందే ప్రకటన స్క్రీన్‌షాట్ తీసుకో, తర్వాత ఉండకపోవచ్చు. చాటింగ్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు ఉంటే ఆపెయ్యి. యూపీఐ లావాదేవీ నంబర్, బ్యాంక్ స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకో. చాటింగ్ ఉన్న ఫోన్ మార్చకు, స్క్రీన్‌షాట్ల వెనక అసలు ఉండాలి.

అతను దారికొచ్చి, సగం ఇప్పుడు సగం వచ్చే నెల అంటే ఒప్పుకోవచ్చు. పట్టుదలకి పోయి మొత్తం పోగొట్టుకోవడం కన్నా అది నయం. కాకపోతే ఒప్పుకున్నది రాతలో ఉండాలి, డబ్బు నీ ఖాతాలో పడ్డాక బ్యాంక్ మెసేజ్ చూసుకోవాలి. పంపాను అని వాడు చూపించే స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. అది కంపెనీ సొత్తని తేలితే మాత్రం వస్తువుని అతని చేతికి తిరిగి ఇవ్వొద్దు, పోలీసుల ద్వారా అసలు యజమానికే చేరాలి. వస్తువు వాళ్లకి పోయినా డబ్బు అడిగే హక్కు నీకు పోదు. సివిల్ దావాకి మూడేళ్ల గడువుంది. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే అమ్మాడని కనబడితే అది పోలీసు కేసు కూడా, జనం నోట్లో నానిన పాత 420, ఇప్పుడు 318. పోలీసులు ఒక్కోసారి, ఇది సివిల్ గొడవ, కోర్టుకెళ్లండి అంటారు. అందుకే మరక ఫొటో, మెసేజ్, వాడి జవాబు అన్నీ ఒక వరసలో పెట్టుకుని వెళ్లాలి.

అన్నిటికంటే నాకు భయంగా ఉన్నది వేరే ఉంది. ఈ డబ్బు కోసం వెతుకుతూ నువ్వు ఇంకోసారి పోగొట్టుకుంటావేమోనని. రిఫండ్ కావాలని ఇంటర్నెట్‌లో వెతికితే కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు ముందు వరసలో కనబడతాయి. ఫోన్ చేస్తే అమ్మా, తల్లీ అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడతారు. ఒక యాప్ వేసుకోమంటారు, నీ తెర వాళ్లకి కనబడుతుంది. లేదా క్యూఆర్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే మీ డబ్బు వచ్చేస్తుందంటారు. మా అపార్ట్‌మెంట్‌లో బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన, నాలుగు వేల మిక్సీ డబ్బు కోసం ఇలా ఫోన్ చేసి తొంభై వేలు పోగొట్టుకున్నాడు. వాళ్ల ఆవిడ మందుల కోసం దాచిన డబ్బు. ఆ రాత్రి ఆయన లిఫ్ట్ దగ్గర నిలబడిపోయిన తీరు నేనింకా మరిచిపోలేదు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు అమ్మలూ. పిన్ కొట్టావంటే పంపుతున్నావనే అర్థం. ఆర్మీ జవాన్లమని చెప్పుకుని పాత సామాను ప్రకటనలతో ఇలాగే దోచుకున్న రాజస్థాన్ భరత్‌పూర్ ముఠాల గురించి సైబరాబాద్ పోలీసులు ఎన్నిసార్లు హెచ్చరించారో పేపర్లలో చూసే ఉంటావు.

అలాంటిది జరిగితే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా సైబర్ మోసాల సహాయవాణి 1930కి కొట్టాలి. నేనైతే నా సరుకుల చట్టం సంవత్సరంతో కలిపి గుర్తుపెట్టుకున్నాను ఆ నంబర్. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి జారిపోయేలోపు చెబితే మధ్యలో ఆపగలిగే అవకాశం ఉంటుంది. తెల్లారాక చూద్దాం అనుకుంటే అప్పటికి ఎవరో ఏటీఎంలో తీసేసుకుంటారు.

ఇంకెప్పుడైనా కొనాల్సి వస్తే, కొనాల్సి వస్తుంది కూడా, రెండే రెండు అలవాటు చేసుకో. ల్యాప్‌టాప్ అయితే అమ్మేవాడి ఎదురుగానే మొత్తం చెరిపి, నెట్‌కి కలిపి, మొదటి తెర దాటేదాకా కూర్చో. అరగంట పడుతుంది. మెట్ల కింద నిలబడి చేసే పని కాదది, ఇద్దరూ కాఫీ తాగే చోటు చూసుకోండి. ఫోన్ అయితే స్టార్, హ్యాష్, 06, హ్యాష్ కొడితే ఐఎంఈఐ నంబర్ వస్తుంది, సంచార్ సాథీ పోర్టల్‌లో అది బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. రెండోది, ఒక తెల్లకాగితం మీద పేరు, వస్తువు, సీరియల్ నంబర్, సొమ్ము, తేదీ, ఇది నా సొంతం అన్న ఒక్క వాక్యం, సంతకం. నిజాయితీపరుడు పెట్టేస్తాడు. సంతకానికి నసిగేవాడి దగ్గర ఎంత చవకైనా కొనకు.

మీ అమ్మ సంగతి. నువ్వు చెప్పొద్దన్నావు, నేను చెప్పలేదు. కానీ నువ్వే చెప్పు తల్లీ. తెనాలిలో కూర్చుని నీ గొంతులో తేడా కనిపెట్టి, నీకు ఒంట్లో బాగోలేదేమోనని రోజూ మీ అత్తయ్యకి ఫోన్ చేస్తోంది. ముప్పై నాలుగు వేల కంటే ఆ బెంగ ఖరీదు ఎక్కువ.

మెసేజ్ ఈ రాత్రే పంపు. మూడో రోజుకి జవాబు రాకపోతే శనివారం పొద్దున్నే వచ్చెయ్యి. కంపెనీకి మెయిల్ ఇద్దరం కూర్చుని రాద్దాం, ఆ తర్వాత మాదాపూర్ పోలీస్ స్టేషన్‌కి నేనూ వస్తాను. ప్రకటన, చాటింగ్, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఫొటోలు రెండేసి ప్రింట్లు తీసుకురా. ఛార్జర్ మరిచిపోకు. ఈసారి కూర వదిలేయకుండా తిని వెళ్లాలి.

మీ మావయ్య